చేతికి సెలవు

చెల్లీ,

విరిగిన మణికట్టు దేవుడి దయవల్ల అతుక్కుంది. కలం పట్టగలుగుతున్నాను కాబట్టి మొదటి కార్డు నీకే.

పట్టు రావాలని రబ్బరు బంతి ఇచ్చింది ఫిజియోథెరపీ అమ్మాయి. ఆత్రంకొద్దీ రోజూ నొక్కితే చెయ్యి వాచింది.

"రోజు విడిచి రోజే నొక్కాలి ఆంటీ. బలం వచ్చేది విశ్రాంతిలోనే" అని మందలించింది.

అప్పటినుంచి విశ్రాంతి రోజున మీ బావగారు వంటింట్లోకి వస్తున్నారు. సీసాల మూతలు తీస్తారు, తడిబట్టలు పిండుతారు, పక్కనే పీట వేసుకుంటారు.

"ఇవాళ నీ చేతికి సెలవు, నా నోటికి డ్యూటీ" అంటూ ఒకటే కబుర్లు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఇన్ని మాటలు మాట్లాడి ఎరగరు.

నిన్న ఆ అమ్మాయి చెయ్యి చూసి, "పట్టు పూర్తిగా వచ్చేసింది ఆంటీ!" అంది.

ఆయన బయట బండి తీస్తుంటే, "విశ్రాంతి రోజులు ఇంకొన్నాళ్లు ఉండాలని ఆయనతో చెప్పవూ, తల్లీ?" అని బతిమాలాను.

ఆ పిల్ల పడీపడీ నవ్వింది. "పొద్దున్నే అంకుల్ ఫోన్ చేశారు. మీతో అదే చెప్పమన్నారు!"

ఈ కార్డు దాచుకో, బావగారికి చూపించకు. ఇవాళ విశ్రాంతి రోజు. కలం పట్టానని తెలిస్తే ఊరుకోరు.

అక్క