కొవ్వు మాత్ర

పెనుకొండ బస్టాండులో బస్సు ఆగి చాలాసేపైంది. టీకి పోయిన డ్రైవరు ఇంకా తిరిగి రాలేదు.

లక్ష్మీకాంత్‌కు కాలు ఒకచోట నిలవడం లేదు.

అతను ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. హిందూపురంలో చీరల అంగడి పెట్టుకున్న స్నేహితుడు గిరిధర్ దగ్గరికి పోతున్నాడు. సంచిలో చీరలున్నాయి కానీ అవి సాకు మాత్రమే. అసలు సంగతి మాత్ర.

ఇద్దరికీ సుగర్. ఇద్దరికీ రక్తంలో కొవ్వు.

"సుగర్ మాత్ర మింగితే కొవ్వు కూడా దానంతటదే దిగుతాదిరా. నాకు దిగింది. కొవ్వు మాత్ర నేను మానేసినా. నువ్వూ మానెయ్" అన్నాడు గిరిధర్ ఆమధ్య.

లక్ష్మీకాంత్ మానేశాడు. ఇప్పుడు మేడమెట్లు ఎక్కితే రొమ్ము పట్టేస్తోంది. మళ్లీ మొదలుపెట్టాలా, వద్దా? డాక్టరును అడిగితే తిడతాడు. గిరిధర్‌ను అడుగుదామంటే కొన్నాళ్లుగా అతని ఫోన్ మోగడమే లేదు.



బస్సు దిగి హోటల్లో ఇంత ఉగ్గాని తిని, సుగర్ మాత్ర నోట్లో వేసుకున్నాడు.

"అన్నా, మీది ధర్మవరమా?"

పక్క బల్ల మీద ఒక గుండు మనిషి. చూపంతా సంచిలోని చీరల మీదే ఉంది.

బ్రోకరే అనుకున్నాడు లక్ష్మీకాంత్. నేసేవాడి చేతిలో సంచి కనబడితే చాలు, 'ఎవరికిస్తాండావు, మాకియ్యి' అని ఈగల్లా ముసురుకుంటారు. ఇట్లాంటివాళ్లకు ఊరు చెప్పినా, పేరు చెప్పినా వదలరు.

"కాదు. తనకల్లు. శెనక్కాయల యాపారం."

గుండు మనిషి ముఖం వాడిపోయింది. అయినా కదల్లేదు.

"సుగర్ మాత్రనా అన్నా అది?"

"ఊఁ."

"కొవ్వు మాత్ర కూడా ఏసుకుంటాండారా?"

లక్ష్మీకాంత్‌కు ఒళ్లు మండింది. ఇంట్లో పెళ్లాం రోజూ అడిగేది చాలదని, దావన పోయేవాడు కూడా అడగాలా?

"మానేసినా. సుగర్ మాత్రే దాన్నీ దించుతాది."

"దించుతాదన్నా, కొంచెం. ఆ కొంచెం చూసి మోసపోగూడదు. దేని మాత్ర దానికే ఉండల్లని డాక్టరు చెప్పినాడు. మా అన్న కూడా ఇట్లనే..."

"మీ అన్న కత నాకెందుకప్పా?"

"మీ మంచికే చెప్తాండా. మీకు కొవ్వు తగ్గల్ల అన్నా!"

హోటల్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఒకాయన పొలమారేదాకా నవ్వాడు.

లక్ష్మీకాంత్ లేచి నిలబడ్డాడు.

"నాకు కొవ్వా? తిరుపతికి పోయి గుండు కొట్టించుకున్నా నీకే దిగలేదు కదప్పా కొవ్వు!"

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా లేచింది.

ఆ మనిషి తల తడుముకున్నాడు. ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ధర్మవరం పోయే బస్సు వచ్చి నిలబడితే, పోయి అందులో ఎక్కాడు.

'బ్రోకరే, అనుమానం లేదు. పో, ఆడ ఎవుడు దొరుకుతాడో చూసుకో' అనుకున్నాడు లక్ష్మీకాంత్.

తన బస్సూ కదిలింది. భలే నోరు మూయించానని కాసేపు సంబరపడ్డాడు. ఊరు దాటాక ఆ సంబరం నిలవలేదు.

'మా అన్న కూడా ఇట్లనే' అన్నాడు. ఇట్లనే ఏమైంది? అడిగి ఉంటే పోయేదేముంది?

హిందూపురంలో గిరిధర్ అంగడి మూసి ఉంది. ఇల్లు వెతుక్కుంటూ పోయాడు.

వాకిట్లోంచే కనబడింది. గిరిధర్ ఫోటో, దానికి దండ, ముందర దీపం.

గిరిధర్ భార్య హేమావతి బయటికొచ్చింది.

"ఎవరన్నా మీరు?"

"ధర్మవరం... లక్ష్మీకాంత్‌నమ్మా."

ఆ పేరు వినగానే ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది.

"గుండె పట్టుకోని అట్లనే పడిపాయె అన్నా. చేతిలో ఫోనూ పగిలిపాయె. ఆస్పత్రికి తీసకపోతాంటే అంతసేపూ మీ మాటే. 'లక్ష్మీకాంత్‌కు నేనే తప్పు చెప్పినా, కొవ్వు మాత్ర మానొద్దని చెప్పండి' అని. మీ నంబరు మా దగ్గర లేదు, ఇల్లు తెలీదు. సూతకంలో ఒకరింటికి పోగూడదని ఇన్నాళ్లూ ఆగినాము."

లక్ష్మీకాంత్ సంచి కింద పెట్టి, ఫోటోకు దండం పెట్టాడు.

"నిన్న కర్మ అయిపోతానే, మిమ్మల్ని వెతికేకి ఈ పొద్దున్నే ధర్మవరానికి బయలుదేరినాడు మా మరిది... గుండుతో ఉంటాడు, దావలో యాడా కనపడలేదా అన్నా?"