కాలువకు అడ్డంగా పడ్డ చెట్టు

“ఆ చెట్టు నరికింది నేనే,” అన్నాడు గింబాద్, చావడిలో అందరికీ వినబడేట్టు.

వెనకవైపు ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలాయన కుడిభుజం పనిచేయడం మానేసి చాలా కాలమైంది. ఆయన పొయ్యిలోకి పుల్లలు కూడా పక్కింటావిడే విరిచి పెడుతుంది.

ఆ పొద్దున ఊళ్లో కరెంటు పోయింది. బోర్నియో కొండల్లోని ఆ దుసున్ తెగ పల్లెకు కరెంటంటే వాగే. పైన అడ్డుకట్ట దగ్గర నీళ్లు కాలువలోకి మళ్లి, గొట్టంలోంచి దిగి టర్బైను తిప్పితేనే ఇళ్లలో దీపాలు, వడ్లమరకు కదలిక. అవతలి లోయవాళ్లకూ అలాంటిదే ఉండేది. కొండమీది కలప అమ్ముకున్నారు. మరుసటి వానకే వాళ్ల వాగు బురదై టర్బైనును పూడ్చేసింది. అది చూశాకే, అడ్డుకట్టకు, కాలువకు ఎగువన ఎవరూ గొడ్డలి పెట్టకూడదని ఈ ఊరు కట్టు పెట్టుకుంది. కట్టు తప్పినవాడి ఇంటికి కరెంటు తీగ కోసేస్తారు.

ఊరిపెద్ద రుపినా తెల్లారగానే ఒంటరిగా పైకెళ్లి చూసొచ్చింది. పెద్ద సెరాయా చెట్టు కాలువకు అడ్డంగా పడిందని చెప్పి అందర్నీ చావడికి పిలిచింది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఏ చెట్టో తెలియగానే జనమంతా ఇద్దరి వంకే చూశారు. తన శవపేటిక ఆ మానులోంచే తొలవాలని గింబాద్ ఎప్పటినుంచో పట్టుబట్టాడు. కొత్తింటికి స్తంభాలు ఆ మానువే కావాలని ఆయన కొడుకు జువానిస్ మొండికేశాడు. ఊరు ఇద్దరికీ కాదనేసింది. అయినా నీవల్లే అంటే నీవల్లే అని తండ్రీకొడుకులు మాటలు మానేశారు. కొడుక్కి ఆడపిల్ల పుడితే గింబాద్ చూడటానికి కూడా వెళ్లలేదు.

ఎప్పటికైనా దాన్ని పడగొట్టి తీరతానని జువానిస్ అన్న మాట ఆయన మర్చిపోలేదు. వెధవ అన్నంత పనీ చేశాడనుకున్నాడు. ఇప్పుడు వాడింటికి తీగ కోసేస్తారు. పసిపిల్ల చీకట్లో ఏడుస్తుంది. ఆ ఏడుపు తలుచుకోగానే ఆయన లేచి, నరికింది నేనేనన్నాడు.

రుపినా ఆయన్ను తేరిపార చూసింది. “ఏ చేత్తో నరికావు బావా?”

“ఎడం చేత్తో.”

ఈసారి అందరూ నవ్వారు, జువానిస్ తప్ప. అతను లేచి ముందుకొచ్చాడు. “ఆయన మాటలు పట్టించుకోకు పిన్నీ. నరికింది నేను.”

గింబాద్‌కు ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. అయితే నిజంగా వీడేనన్నమాట.

“నువ్వు కూర్చో,” అన్నాడు. మాటలు మానేశాక కొడుకుతో ఆయన అన్న మొదటి మాట అదే.

“నువ్వే కూర్చో అయ్యా. ఒళ్లు సహకరించకపోయినా పంతం మాత్రం తగ్గలేదు నీకు.”

“నీకెక్కణ్ణించి వచ్చిందిరా మరి పంతం?”

నేరం నాదంటే నాదని ఇద్దరూ చాలాసేపు వాదులాడుకున్నారు. పాత సంగతులన్నీ బయటికొచ్చాయి. రుపినా ఆపలేదు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నది. వాళ్లకు ఆయాసమొచ్చి ఆగాక తీర్పు చెప్పింది. ఎవరిది అబద్ధమో తేల్చడం తనవల్ల కాదంది. ఇద్దరూ కలిసి పైకెళ్లి ఆ మాను కోసి కాలువ తెరవాలి. ఖాళీ అయిన చోట మొక్కలు నాటి, అవి మనిషెత్తు అయ్యేదాకా సాకాలి. కాలువ తెరుచుకునేదాకా మూడోమనిషి అటు వెళ్లకూడదు. తీగ సంగతి తర్వాత చూద్దామంది. ఇదేం శిక్షని ఒకడు గొణిగితే, అయితే రంపం నువ్వే మోసుకెళ్లు అంది.

రాత్రి వానకు దారంతా జారుడుగా ఉంది. ఇద్దరు లాగే రంపం జువానిస్ భుజాన ఉంది, మొక్కల బుట్ట వీపున ఉంది. బాగా నిటారుగా ఉన్నచోట అతను వెనక్కి తిరగకుండానే చెయ్యి చాచాడు. గింబాద్ కాసేపు ఆ చేతిని చూసి, పట్టుకున్నాడు.

వాగు మలుపుకు ఇవతల ఆగి అన్నం పొట్లాలు విప్పారు. ఆకులో చుట్టిన అన్నం, ఊరబెట్టిన చేప. కోడలు రెండు పొట్లాలు కట్టింది.

“పిల్ల బాగా ఏడుస్తుందా?” అనడిగాడు గింబాద్, పొట్లంలోకే చూస్తూ.

“అచ్చం నీలాగే. ఎవరి మాటా వినదు.”

ఆయన నీళ్లు తాగి, “ఇక్కడ ఎవరూ లేరు కదా. ఎందుకు నరికావురా?” అన్నాడు.

జువానిస్ తినడం ఆపేశాడు. “నేనెక్కడ నరికాను? నీ పెట్టె కోసం నువ్వే ఎవరిచేతో కొట్టించావనుకున్నా. తీగ కోసేస్తే చీకట్లో ఎక్కడ తూలి పడతావోనని ఒప్పుకున్నా.”

“నేను నీ పిల్ల కోసం ఒప్పుకున్నానురా.”

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొట్లాలు అక్కడే వదిలేసి గబగబా మలుపు తిరిగారు.

సెరాయా కాలువ మీద అడ్డంగా పడి ఉంది. వానకు గట్టు కోసుకుపోయి, వేళ్లన్నీ మట్టితో సహా పైకి లేచి ఉన్నాయి. గింబాద్ మొదలంతా ఎడమ అరచేత్తో తడిమి చూశాడు. ఎక్కడా గొడ్డలి గాటన్నది లేదు.

“పొద్దున ఇక్కడిదాకా వచ్చి చూసిపోయింది రుపినా పిన్నే కదా,” అన్నాడు జువానిస్ మెల్లగా.