లాడ్జి గదిలో చేమంతులు

"లాడ్జంటే భయపడ్డానండీ. ఎంత బావుందో గది!"

తప్పిపోయిన భర్తను మూడేళ్లుగా వెతుకుతూ తిరువూరులో బస్సు దిగిన శారదాంబ, బల్ల మీది చేమంతులు చూసి మొదటిసారి నవ్వింది. ఒకటి తీసి జడలో తురుముకోబోయింది.

"వద్దమ్మా!" కొవ్వొత్తి తెచ్చిన లాడ్జి యజమానురాలు హన్నమ్మ ఆపింది. "ఇయ్యాళ మా ఆత్మల పండగ. పోయినోళ్లకి పూలు పెడతాం. ఈ గదిలో ఒకాయన జ్వరమొచ్చి పోయాడు. పేరు చెప్పలేదు, ఎవరూ రాలేదు. ఏటా మేమే పెడతన్నాం."

"పాపం! ఏ ఊరాయనో?"

"ఏమోనమ్మా. ఇదొక్కటే మిగిలింది."

పూల వెనక నుంచి హన్నమ్మ కళ్లజోడు తీసింది. విరిగిన కాడకు ఎర్రదారం చుట్టి ముడేసి ఉంది.

ఆ ముడి శారదాంబ వేసిందే.

చేతిలోని పువ్వును ఆమె మెల్లగా కొవ్వొత్తి పక్కన పెట్టింది.

"ఈ ఏడు ఆయన మనిషి వచ్చిందమ్మా" అంది.