గాలి లాగే చప్పుడు

చీకటి పడ్డాక పంపుహౌస్‌లో ఆపరేటరూ, అతని అక్కా తప్ప ఎవరూ లేరు. క్యారేజీ తెచ్చిన అక్క ఇంటికి వెళ్లకుండా, తన భర్త పోయిన సంపు గట్టు మీదే కూర్చుంది.

అక్కడి పెద్ద పంపును తిప్పే ముందు బిందెలతో నీళ్లు పోసే పని లేదు. పక్కనున్న చిన్న వాక్యూమ్ పంపు దానంతటదే అందులోని గాలి లాగేసి, సంపులోంచి నీళ్లు పైకి రప్పిస్తుంది. నీళ్లు ఎంతవరకు ఎక్కాయో చూపే గాజు గొట్టం నిండగానే పెద్ద పంపు కూడా దానంతటదే తిరుగుతుంది. అందుకే ఎవరైనా సంపులోకి దిగితే ముందు ఫ్యూజులు పీకాలి. బావ సంపు అడుగున నీరు పీల్చే గొట్టం మూతికున్న జాలీకి పట్టిన నాచు తీయడానికి దిగిన రోజున అతను బద్ధకించాడు. పంపు తిరిగి బావను జాలీకి లాగేసుకుంది. ఫ్యూజులు పీకేశాననే అందరితో చెప్పాడు. బావే కాలు జారాడనుకున్నారు.

ఈ రాత్రి ఫ్యూజులు అతని జేబులోనే ఉన్నాయి. అయినా చిన్న పంపు గాలి లాగడం మొదలుపెట్టింది.

"ఒరేయ్, కరెంటు తీశానన్నావుగా?"

"తీశానే. ఇవిగో." జేబులోంచి ఫ్యూజులు తీసి చూపించాడు.

"మరి ఇదేం మొండిఘటంరా, తిండి లేకుండా పనిచేస్తోంది!" అక్క నవ్వబోయి ఆగింది. "ఆ రోజు కూడా తీశావు కదూ?"

"తీశానక్కా."

గాజు గొట్టంలో నీళ్లు బెత్తెడు పైకి లేచాయి.

అక్క అతని అరచేతిని తీసి తన నెత్తిమీద పెట్టుకుంది. "నా మీద ఒట్టేసి చెప్పు."

చప్పుడు టక్కున ఆగింది. నీళ్లు గొట్టం అంచుకు వేలెడు దూరంలో ఎక్కకుండా, దిగకుండా నిలబడ్డాయి. అక్క వెనక సంపులో ఎవరో ఊపిరి బిగపట్టి వింటున్నంత నిశ్శబ్దం.

"చెప్పరా," అంది అక్క.