కుట్టు వాలు

లాయరమ్మ నల్లకోటు చంక దగ్గర పర్రున చిరిగింది. అదీ వాయిదాకి ముందురోజు సాయంత్రం.

కోర్టు మెట్ల కింద మిషను పెట్టుకుని కూర్చునే ముసలి దర్జీ దగ్గరికి పరుగెత్తింది. కోటు విప్పే హడావిడిలో ఫైలు జారి, ఒక ఫోటో ఆయన కాళ్ళ దగ్గర పడింది.

రేపు ఆమె ఎవరి తరఫున వాదించాలో ఆ పదేళ్ళ పిల్ల స్కూలు బ్యాగు ఫోటో అది. సగం ఊడదీసిన లైనింగు, దాని వెనక మత్తుమందు పొట్లాలు.

పొట్లాలు లోపల పెట్టి కుట్టింది ఆ పిల్లేనని పోలీసుల వాదన. బడిలో చేతికుట్టుకి మొదటి బహుమతి తెచ్చుకుంది, ఇంకేం సాక్ష్యం కావాలి వాళ్ళకి! పిల్ల మాత్రం నాకేం తెలీదని ఒకటే ఏడుపు. రేపు ఆ మాట నిలబడకపోతే తల్లిని వదిలి మూడేళ్ళు బాలనేరస్తుల హోంలో ఉండాల్సిందే.

దర్జీ ఫోటో చేతిలోకి తీసుకున్నాడు కానీ తిరిగివ్వలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఊడని కుట్టు వెంట వేలు పోనిచ్చాడు.

లాయరమ్మకి ఒళ్ళు మండింది. మత్తుమందు ముఠా మనుషులు కోర్టు చుట్టూనే తిరుగుతున్నారని అప్పటికే విని ఉంది.

“కోటు సంగతి చూడు. కేసు సంగతి నీకెందుకు?” అని ఫోటో లాక్కుంది. తండ్రి వయసువాణ్ణి ఏకవచనంలో అన్నానన్న ధ్యాస కూడా లేదు.

“పిల్ల ఏ చేత్తో రాస్తుందమ్మా?” అన్నాడాయన మెల్లగా.

లాయరమ్మ కోటు అక్కడే వదిలి, పోతూ పోతూ గేటు దగ్గర కానిస్టేబుల్ని ఆ ముసలాయన మీద ఓ కన్నేసి ఉంచమంది.

మర్నాడు పొద్దున్నే దర్జీ కోటు బంట్రోతు చేత పంపాడు. జేబులో ఏదో తగిలింది. చూస్తే గుడ్డముక్క, దాని మీద చేత్తో వేసిన రెండు వరసల హెమ్మింగు కుట్టు. ఒక వరసలో కుట్లు ఒకవైపు వాలాయి, రెండో వరసలో రెండోవైపు. పిన్నుతో గుచ్చిన చీటీలో పెన్సిలు రాత.

‘పై వరస కుడిచేత్తో కుట్టింది. కింది వరస ఎడమచేత్తో. ఫోటోలో వాలు చూడండి.’

చూసింది. అచ్చం కింది వరసే.

జడ్జిగారి ఎదుట పిల్ల చేతికి సూదీ దారం ఇచ్చారు. ముక్కు ఎగబీలుస్తూనే కుడిచేత్తో చకచకా కుట్టేసింది. కావాలనే చెయ్యి మార్చిందన్నాడు సర్కారు వకీలు. పోలీసులే సాక్ష్యంగా పెట్టిన బహుమతి రుమాలు తీసి బ్యాగు పక్కన పరిచింది లాయరమ్మ. రుమాలు వాలు ఇటు, బ్యాగు వాలు అటు.

జడ్జిగారు రెండుసార్లు చూసి, పిల్లని ఇంటికి పంపెయ్యమన్నారు.

బ్యాగు రోజూ ముట్టుకునేవాళ్ళలో ఎడమచేతివాటం ఒక్కడికే ఉంది, బడి వ్యాను డ్రైవరుకి. రెండ్రోజుల్లో దొరికాడు, ఒప్పుకున్నాడు.

తల్లి లాయరమ్మ చేతులు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. ఇందులో నా గొప్పేం లేదు, దణ్ణం పెట్టాల్సింది ఇంకొకాయనకి అని ఆమె ఉన్నమాట చెప్పేసింది. ఆ తాతకోసం పిల్ల వారం రోజులు కూర్చుని ఓ రుమాలు కుట్టింది, అంచు చుట్టూ చిన్న చిన్న పువ్వులతో.

ముగ్గురూ మెట్ల కిందికి వెళ్ళారు. ఎలా క్షమించమనాలో లాయరమ్మ దారంతా మాటలు వెతుక్కుంటూనే ఉంది.

మిషను లేదు. నేల మీద నాలుగు దారప్పోగులు ఉన్నాయంతే.

బంట్రోతుని అడిగింది. డ్రైవరుని పట్టుకున్న మర్నాడే మిషను అమ్మేసి, ఊరొదిలి వెళ్ళిపోయాడట. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదట. వెళ్ళేముందు జైలు దగ్గర పొద్దస్తమానం నిలబడ్డా, లోపలివాడు ముఖం చూపించలేదట.

“లోపలివాడెవరు?” అంది లాయరమ్మ.

బంట్రోతు పిల్ల చేతిలో రుమాలు వైపు చూశాడు.

“ఎడమచేతివాడికి కుట్టు నేర్పడానికి ఆర్నెల్లు పట్టిందని మురిపెంగా చెప్పుకునేవాడమ్మా, ఆ డ్రైవరు ఆయన ఒక్కగానొక్క కొడుకు.”