రాయబారి గారి నీలం కోటు

టీవీ సీరియల్లో నేను రాయబారిని. రోజూ రెండు దేశాల మధ్య యుద్ధం ఆపుతుంటాను. ఇంట్లో మాత్రం మా అత్తగారి చేత కంటి ఆపరేషన్‌కి ఊఁ అనిపించేసరికి తలప్రాణం తోకకొస్తోంది.

షూటింగ్ అవగానే మా ఆయన ఫోన్ చేశాడు. "మేకప్ తియ్యకు. ఆ నీలం కోటుతోనే వచ్చెయ్. అమ్మ రాయబారి మాటయితే వింటుంది."

"రాయబారంటే నేనే కదా!"

"కాదులే. ఆవిడ వేరు."

కాస్ట్యూమ్స్ చూసే ఆవిడ కాళ్ళావేళ్ళా పడి కోటుతోనే ఇంటికొచ్చాను. అత్తగారి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, సీరియల్ గొంతుతో అడిగాను. "అమ్మా, మీ అభ్యంతరాలేమిటో సెలవియ్యండి."

ఆవిడ సర్దుక్కూర్చుంది. "నాకు భయమండీ. ఇంతవరకూ ఎవరూ అడగలేదు గానీ. ఆ రోజు మావాడు సెలవు పెట్టాలి. మీ సీరియల్ తప్పకూడదు."

అన్నిటికీ ఒప్పుకున్నాను.

"మీరింత మర్యాదగా అడిగారు కాబట్టి సరే. మా కోడలుంది చూశారూ, దాని నోటికి దణ్ణం పెట్టాలి."

పళ్ళబిగువున నవ్వి లేచాను. పిచ్చి మాలోకం, టీవీకీ ఇంటికీ తేడా తెలీదనుకుంటూ మొహం కడుక్కుని నైటీ తగిలించుకున్నాను.

"అత్తయ్యా, భోజనానికి లేస్తారా, లేదా?" అని వంటింటి గుమ్మంలోంచే కేకేశాను.

"వస్తున్నానే. రేపూ ఆ కోటుతోనే రా అమ్మాయ్," అంది తాపీగా. "కళ్ళు మసకే గానీ నిన్ను పోల్చుకోలేనంత కాదు. కోటుంటే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నావు. అది తీసెయ్యగానే మళ్ళీ గుమ్మంలోంచే కేకలు."