జిగురు

బావ శవాన్ని గనిలోంచి పైకి తెచ్చిన రోజు, గేటు దగ్గర అందరి ముందూ అక్క తమ్ముడి చొక్కా పట్టుకుంది.

"ఇన్నాళ్లూ ఆయన్ని అంటిపెట్టుకు తిరిగావు కదరా! ఇవాళ ఎక్కడ చచ్చావు?"

"బొగ్గు మోసే బెల్టు దగ్గరున్నానక్కా."

"ఎందుకున్నావు అక్కడ?"

తమ్ముడు చెప్పదలుచుకుంటే చాలా చిన్న జవాబే. అక్కడికి పంపింది ఆమే.

"పో. నాకు తమ్ముడు లేడనుకుంటాను."

అతను చొక్కా సర్దుకోకుండానే వెళ్లిపోయాడు.

బావది బొగ్గు కోసే యంత్రం నడిపే పని. దాని మీద ఎవరూ కూర్చోరు. మెడలో వేలాడే రిమోటు పెట్టె మీటలు నొక్కుతూ, కాస్త దూరంగా నిలబడి నడపాలి. ఏనుగంత యంత్రం. ఇరుకు సొరంగం. అది తోకలాంటి వెనక భాగాన్ని తిప్పితే, గోడకూ దానికీ మధ్య మనిషి నిలబడే చోటు ఉండదు. అందుకే దిగే ప్రతి ఒక్కరికీ నడుముకు కట్టుకోమని అగ్గిపెట్టెంత ట్యాగు ఇచ్చారు. ట్యాగు మరీ దగ్గరికొస్తే యంత్రం పసిగట్టి తనంతట తానే ఆగిపోతుంది.

తమ్ముడి పని యంత్రం వెనక కరెంటు కేబులు నలగకుండా పక్కకు లాగడం. కానీ వాడు వెనక ఉండేవాడు కాదు. బావ ఎక్కడుంటే అక్కడ, భుజానికి భుజం ఆనించి నిలబడేవాడు. యంత్రం ఠక్కున ఆగేది. బావ తిట్టుకుంటూ వెనక్కి జరిగి మళ్లీ నడిపేవాడు. కాసేపటికి మళ్లీ అదే తంతు.

తోటివాళ్లు వాడికి జిగురు అని పేరు పెట్టారు. "అన్నా, మీ అత్తగారు నీకు కూతుర్నిచ్చి చేశారా, కొడుకునిచ్చి చేశారా?" అని బావను ఆటపట్టించేవాళ్లు.

బావ ఆ ముచ్చట్లన్నీ భోజనాల దగ్గర చెప్పేవాడు. "మీవాణ్ణి చూస్తే చాలోయ్, హెడ్‌మాస్టరు ఎదురుపడ్డ పిల్లాడిలా బిగుసుకుపోతుంది నా యంత్రం!"

అక్క పకపకా నవ్వేది. తమ్ముడూ తలొంచుకుని నవ్వేవాడు.

ఒకసారి మాత్రం చేయి కడుక్కుంటూ మెల్లగా అన్నాడు. "అక్కా, బావను గోడవైపు నిలబడొద్దని నువ్వన్నా చెప్పు. నా మాట వినడు."

"ఆయన చలవతో ఉద్యోగం తెచ్చుకుని, ఆయనకే పని నేర్పుతావా?"

తమ్ముడు చేయి తుడుచుకుని బయటికి నడిచాడు.

అక్కకు నవ్వులాట నవ్వులాటలా ఎంతోకాలం మిగల్లేదు. కుళాయి దగ్గర పక్కింటావిడ బిందె దించుతూ, "ఏమీ అనుకోకమ్మా, మీ తమ్ముడి మూలంగా మన షిఫ్టువాళ్లు అందరికన్నా తక్కువ బొగ్గు తీస్తున్నారట. మీవారు మొహమాటపడి ఊరుకుంటున్నారట" అంది. అక్కకు తల కొట్టేసినట్టయింది. సగం నిండిన బిందె ఎత్తుకుని వచ్చేసింది.

ఆ సాయంత్రం తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచింది.

"నా పరువు తీసింది చాలు. రేపే వేరే చోటికి మార్పించుకో."

"అక్కా, నేను అక్కడ ఉండాలే."

"ఎందుకూ? ఆయన వేలు పట్టుకు తిరగడానికా?"

వాడు గదిలో టీవీ చూస్తున్న బావ వైపు చూశాడు. ఏదో అనబోయాడు. బావ అటు నుంచి, "ఏంట్రా జిగురూ, అక్కను కూడా అంటుకున్నావా?" అని కేకేశాడు.

మర్నాడే బెల్టు దగ్గరికి మారాడు. యంత్రానికి చాలా దూరం అది.

ఆ వారమంతా బావ హుషారుగా ఉన్నాడు. "ఇవాళ ఒక్కసారి కూడా ఆగలేదోయ్! మనవాళ్లే ఫస్టు!" అంటూ వచ్చేవాడు. కుళాయి దగ్గర అక్క మళ్లీ తలెత్తుకుని నిలబడింది. మంచి పని చేశాననుకుంది.

ఆ వారం చివర్లోనే యంత్రం మలుపు తిరుగుతూ తోక విసిరింది. బావ గోడకూ దానికీ మధ్య ఉండిపోయాడు. అది ఆగలేదు.

విచారణకు వచ్చిన అధికారులు యంత్రంలో ఏ లోపమూ లేదన్నారు. అక్క ఆ మాట నమ్మలేదు. అయినదానికీ కానిదానికీ ఆగే యంత్రం, సరిగ్గా ఆగాల్సిన ఆ ఒక్క రోజు ఎందుకు ఆగలేదు? పలకరించడానికి వచ్చిన బావ తోటివాళ్లందరినీ అదే అడిగింది. అడిగిన ప్రతివాడూ నేల చూశాడు. తమ్ముడే ఏదో పాడు చేసి ఉంటాడనీ, వాణ్ణి కాపాడటానికే వీళ్లంతా నోరు కట్టేసుకున్నారనీ ఆమె అనుకుంది. ఆ మాట నలుగురితో అంది కూడా. అది తమ్ముడి చెవిన పడింది. అప్పుడూ వాడు ఏమీ అనలేదట.

ఇవాళ మధ్యాహ్నం గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పనిచేసే పెద్దాయన వచ్చాడు. బావ లాకరు ఖాళీ చేసి, అందులోవి ఒక సంచిలో వేసి తెచ్చాడు. ఒక తువ్వాలు. సబ్బుపెట్టె. దువ్వెన. అడుగున అగ్గిపెట్టెంత ట్యాగు. కొత్త వస్తువు మీద అంటించే పలచటి ప్లాస్టిక్ పొర కూడా దాని మీద అలాగే ఉంది.

"ఇది మా తమ్ముడిదా?" అంది అక్క.

"కాదమ్మా. మీవారిదే."

"మరి ఇది లాకర్లో ఎందుకుంది?"

పెద్దాయన చెప్పులు తొడుక్కుంటూ, ఆమె మొహం చూడకుండా చెప్పాడు. "ఊరికే అడ్డమనేవాడమ్మా. ఒక్కనాడూ కట్టుకుని దిగలేదు."

రోజూ తన నడుముకున్న ట్యాగుతో బావ పక్కన నిలబడి, బావకోసం ఆ యంత్రాన్ని ఆపుతూ వచ్చిన తమ్ముడికి అక్క ఇంకా కబురు పెట్టలేదు.